మామిడి బస్సుకి గాలి హారన్

రాసుకుంటున్నావా? సరే. ముందు బస్సు సంగతి చెప్పకపోతే హారన్ సంగతి ఎవరికీ అర్థం కాదు. అందుకని బస్సు దగ్గరే మొదలుపెడతాను. మధ్యలో ఆపకు. ఆపితే ఎక్కడున్నానో మర్చిపోతాను.

మాది నూజివీడు. మామిడి వ్యాపారం. వ్యాపారమంటే కొట్టులో కూర్చుని కాయలు తూచడం ఒక్కటే కాదు. పూత నిలిచి పిందె కట్టే వేళకి తోటలు తిరిగి చూసి, చెట్ల మీదున్న కాపు మొత్తం కొనేస్తాం. కొన్న రోజు నుంచి ఆఖరి కాయ దిగేదాకా ఆ తోట కాపలా మాదే. కాబట్టి ప్రతి వేసవీ రెండు రెండున్నర నెలలు ఎవరో ఒకరు తోటలో పడుకోవాలి. మా ఇంట్లో ఆ ఒకరు ఎప్పుడూ మీ తాతయ్యే. మా పెళ్ళయిన కొత్తలో తాటాకు పాకలో పడుకునేవారు. ఒక ఏడు గాలివానకి పాక లేచిపోయింది. మనిషి తడిసి ముద్దయి, జ్వరం తెచ్చుకుని ఇంటికొచ్చారు. ఆ ఏడే మైలవరంలో ఎవరో పాత మినీ బస్సు అమ్ముతుంటే కొనుక్కొచ్చి ఇంటి ముందు నిలబెట్టారు.

"ఇదేంటండీ, లారీ కొంటే కాయలన్నా వేసుకునేవాళ్ళం కదా" అన్నాను.

"లారీలో నువ్వు పడుకుంటావా?" అన్నారు.

నేను కూడా తోటకి రావాలన్న సంగతి నాకు అలా తెలిసింది.

సీట్లన్నీ పీకించి, ఒక పక్క మంచం బల్ల, ఇంకో పక్క గ్యాస్ పొయ్యికి గట్టు చేయించారు. పైన నీళ్ళ డ్రమ్ము, కిందకి ఒక కుళాయి. కిటికీలకి దోమల జాలీ నేనే కుట్టాను. ఇలాంటి వాటిని ఇప్పుడు మోటార్ హోమ్ అంటారని, బయటి దేశాల్లో వీటి మీద పెద్ద మోజని నువ్వే కదా ఫోనులో చూపించావు. మాకప్పుడు ఆ పేరు తెలియదు. ఊళ్ళో అందరూ మామిడి బస్సు అనేవారు, మేమూ అదే అనేవాళ్ళం. వేసవి రాగానే దాన్ని తోటలో పెట్టడం, వానలు పడగానే తెచ్చి ఇంటి పక్కన రేకుల కింద పెట్టడం. నీకంటే, మీ నాన్న పెళ్ళి కంటే కూడా ముందు నుంచీ ఉంది ఆ బస్సు.

డ్రైవరు సీటు వెనక ఒక పెద్ద చెక్క పెట్టె ఉంటుంది చూడు, దాని గురించి కూడా ఇక్కడే చెప్పేయాలి. అది మాగుడు పెట్టె. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తోటలో తొలి కోత కాయ ఒక గంప, అదీ రసాలే, ఇంట్లోకి రాకూడదు, కొట్లోకి పోకూడదు. బస్సులోనే వరిగడ్డిలో మాగాలి. మాగాక బస్సులో ఉన్న దేవుడి పటానికి పెట్టి, కోసిన వాళ్ళకి తలా ఒకటి ఇచ్చి, అప్పుడు మేం తినాలి. ఆ గంప మాగేసే పని నాది. పెట్టె అడుగున గడ్డి, మీద కాయ, మళ్ళీ గడ్డి, పైన గోనె పట్టా, ఆ పైన మూత. ఇన్నేళ్ళలో ఒక్క ఏడు కూడా తప్పలేదు.

ఇంక హారన్. మీ తాతయ్యకి ఎడమ చెవి చిన్నప్పటి నుంచీ వినపడదు. కుడి చెవి వయసు మీద పడేకొద్దీ తగ్గుతూ వచ్చింది. రెడ్డిగూడెం అవతల మేం ఏటా తీసుకునే తోట పాతిక ఎకరాలు. మనిషి తెల్లారేసరికి చేతికర్ర పట్టుకుని వెళ్ళిపోతారు. ఏ చెట్టు కింద ఉంటారో తెలియదు. కేకేస్తే వినపడదు. సెల్‌ఫోన్ ఉంది కానీ ఆ తోటలో సిగ్నల్ బస్సు నిలిపే చోటా, అటు చివర గట్టు మీదా తప్ప ఇంకెక్కడా రాదు. వచ్చినా ఫోను మోగడం ఆయనకి తెలియదు. చెవి మిషను కొనిపెట్టాం. చెమటకి కుయ్యిమంటోందని తీసి చొక్కా జేబులో వేసుకునేవారు.

"జేబుకి బాగా వినపడుతోందా?" అని నేను ఎగతాళి చేస్తే, అదీ వినపడేది కాదు.

అందుకని చాలా ఏళ్ళ కిందటే బస్సుకి గాలి హారన్ పెట్టించాం. టాపు మీద రెండు ఉక్కు బూరలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకసారి కొడితే అన్నానికి రమ్మని. రెండుసార్లు కొడితే కాయలకి లారీ వచ్చిందని. మూడుసార్లు కొడితే చేతిలో పని వదిలేసి రమ్మని. ఒకటి వినపడగానే కోతకొచ్చిన ఆడవాళ్ళు కూడా చిక్కం కట్టిన గెడలు చెట్టుకి ఆనించి, టిఫిను డబ్బాలు విప్పేవారు. వాళ్ళకి గడియారం అదే.

అంతా బాగానే జరిగింది, రెండేళ్ళ కిందటి దాకా. ఆ ఏడు హారన్ మూగపోయింది. బాగు చేయించాలి, చేయించాలి అనుకుంటూనే కోతల హడావిడిలో పడిపోయాం. మీ తాతయ్యకి షుగరు ఉందని నీకు తెలుసుగా. పొద్దున్నే బిళ్ళ వేసుకుంటారు. ఆకలి తెలియదు ఆయనకి, పిలిస్తేనే అన్నం గుర్తొస్తుంది. ఒకరోజు ఒంటిగంట దాటింది, రెండయింది, మనిషి రాలేదు. నేను గొంతు పోయేలా అరుచుకుంటూ వరసలన్నీ తిరిగాను. ఆడవాళ్ళు కోత ఆపి తలో పక్కకీ వెళ్ళారు. చివరి వరసలో ఒక కలెక్టరు మామిడి చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళంతా చెమట. మాట ముద్దగా వస్తోంది. నేనెవరో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. షుగరు పడిపోయిందని అర్థమై, ఒకావిడ డబ్బాలో బెల్లం ముక్క ఉంటే అది నోట్లో పెట్టాం. కాసేపటికి తేరుకుని, "ఏంటి అందరూ ఇక్కడున్నారు, కోత ఎవరు కోస్తున్నారు?" అన్నారు.

మీ నాన్న ఆ సాయంత్రమే వచ్చి తీసుకెళ్ళిపోయాడు. ఆ ఏడు మిగిలిన కోతా, పై ఏడు కోత మొత్తమూ జీతగాళ్ళని పెట్టి వాడే చూసుకున్నాడు. తాతయ్యని ఇల్లు కదలనివ్వలేదు. నువ్వు చూశావు కదా ఆయన్ని అప్పుడు. వీధి వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చే పోయే కాయల ట్రాక్టర్లు లెక్కపెట్టడమే పని. ఆ వేసవంతా ఒక్క మామిడిపండు ముట్టుకోలేదు. షుగరు కదా అనేవారు. అంతకు ముందు షుగరుకి భయపడింది ఎప్పుడు?

ఈ ఏడు పిందె పడగానే ఆయనే అడిగారు. అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ అన్నారు.

"నేను తోటకి పోతాను."

మీ నాన్న చెయ్యి కడుక్కోబోయేవాడు ఆగాడు. "నాన్నగారూ, ఒకసారి అయింది చాలు."

"నేను పోతాను" అన్నారు మళ్ళీ. వినపడక అన్నారో, వినపడే అన్నారో నాకు తెలియదు.

నేను మధ్యలో దూరాను. హారన్ మోగి ఉంటే ఆ రోజు టయానికి అన్నానికి వచ్చేవారు, అసలు ఆ పరిస్థితే వచ్చేది కాదు, హారన్ బాగు చేయిస్తాను అన్నాను. మీ నాన్న చెయ్యి కడుక్కొచ్చి, "సరే అమ్మా. కోత మొదలయ్యే ముందు ఆదివారం తోటకెళ్దాం. నాన్నగారు చివరి వరసలో నిలబడాలి. నువ్వు హారన్ కొట్టు. ఆయనకి వినపడితే ఈ ఏడు మీరిద్దరూ అక్కడే ఉండండి. వినపడకపోతే మాత్రం బస్సు పాత ఇనుము కొట్టుకి పంపేస్తాను. అది ఉన్నంత కాలం ఈ గొడవ తెమలదు" అన్నాడు.

తాతయ్య నావైపు చూశారు. వాడన్నది ఆయన చెవిలో చెప్పాను. తలూపి పెరుగన్నం కలుపుకున్నారు.

మర్నాడే బస్సుని బైపాసు పక్కన షెడ్డులో ఉండే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాం. నలభై దాటిన మనిషి, నోటికీ చేతికీ ఖాళీ ఉండదు. బస్సు టాపెక్కి చూసి, లోపలికి దూరి చూసి, పెదవి విరిచాడు.

"మామ్మగారండీ, కంప్రెసర్ పోయిందండి. దీన్ని బతికించడం నా వల్ల కాదు. కొత్త కిట్టు వేసేద్దాం. మూడు బూరలొస్తాయండి, ఎర్ర రంగు, చూడ్డానికి కూడా బాగుంటాయి."

"బూరలు మార్చొద్దు" అన్నారు తాతయ్య.

"తుప్పు పట్టినయ్యండి తాతగారూ!" అని గట్టిగా అరిచాడు.

"నాకూ పట్టింది. నన్ను మార్చారా?"

అతను నవ్వి, ఇంక ఆ మాట ఎత్తలేదు. కంప్రెసర్, గొట్టాలు, రిలే కొత్తవి, బూరలు పాతవి అని తేలింది.

అదెలా పనిచేస్తుందో నాకు అప్పుడే తెలిసింది. కంప్రెసర్ అంటే పిడికిలంత మోటారు, బ్యాటరీ మీద తిరుగుతుంది. రిలే చిన్న నల్ల డబ్బా. మనం స్విచ్చి నొక్కగానే అది టక్కుమని, మోటారుకి కరెంటు వదులుతుంది. మోటారు గాలి పీల్చి ప్లాస్టిక్ గొట్టంలోంచి బూరల్లోకి నెడుతుంది. ప్రతి బూర వెనకా ఒక మూత, మూత లోపల పల్చటి రేకు. గాలికి ఆ రేకు అదిరితేనే మోత. రేకు ఎంత బిగువుగా ఉండాలో చూసుకోవడానికి వెనకాల ఒక స్క్రూ. అంతే. ఇన్నేళ్ళూ దాన్ని కొట్టాను కానీ లోపలేముందో చూడలేదు.

"ఇంకో మాటండి. ఇది ఊళ్ళో గానీ రోడ్డు మీద గానీ కొట్టారంటే కేసు రాస్తారు. గాలి హారన్లు ఒప్పుకోరండి."

"రోడ్డు మీద మేం ఎవర్ని పిలుస్తామయ్యా? దీని స్విచ్చి నా పొయ్యి పక్కన పెట్టు. స్టీరింగు దగ్గర మామూలు హారనే ఉండనీ."

అలాగే పెట్టాడు. బూరలు కొంచెం కిందకి వాలేట్టు బిగించాడు. అలా లేకపోతే వాన నీళ్ళు లోపల నిలుస్తాయట. పొట్టి బూరలో కందిరీగలు మట్టి గూడు కట్టుకుని ఉంటే ఊచ పెట్టి పొడిచి తీశాడు. అన్నీ అయ్యాక, కంప్రెసర్ ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది.

"ఇంజను దగ్గరయితే వేడండి. కింద పెడితే బురద. ఈ చెక్క పెట్టె ఖాళీగా ఉంది కదా, దీంట్లో మూలకి బిగించేస్తాను. గాలి ఆడాలి మరి, దీని చుట్టూ ఏమీ కుక్కొద్దు" అన్నాడు.

"ఏం కుక్కుతాంలే" అన్నాను. నిజంగానే అన్నాను. అది మాఘమాసం చివర, పెట్టెలో ఏమీ లేదు. ఖాళీగా ఉన్నప్పుడు అది నా కళ్ళకి మాగుడు పెట్టెలాగా కనపడలేదు, ఒట్టి పెట్టెలాగే కనపడింది. షెడ్డు తలుపులు మూసి ఒక్కసారి నొక్కి చూపించాడు. షెడ్డు రేకులన్నీ అదిరాయి. తాతయ్య అక్కడే పక్కన నిలబడి ఉన్నారు కాబట్టి వినపడిందని తలూపారు. మేం సంతోషంగా ఇంటికొచ్చాం.

తర్వాత పరీక్ష పెట్టిన ఆదివారం వచ్చింది. దానికి నాలుగు రోజుల ముందు తొలి గంప దిగింది. ఎండకి కొన్ని రసాల చెట్లు ముందే తయారయ్యాయి. మీ నాన్న ఆ గంప తీసుకొచ్చి, పద్ధతి ప్రకారం బస్సు మెట్టు మీద పెట్టి వెళ్ళాడు. కాయ అప్పుడే కోసింది, తొడిమల దగ్గర సొన ఇంకా కారుతోంది. మామూలుగా అయితే బోర్లించి, సొన ఓడ్చి, తుడిచి అప్పుడు మాగేస్తాను. ఆ రోజు ఇంట్లో చుట్టాలు. తర్వాత అంటే మర్చిపోతానని అలాగే పెట్టేశాను. గడ్డి పరిచాను, కాయ పేర్చాను, మళ్ళీ గడ్డి కూరాను, గోనె పట్టా నొక్కి మూత వేశాను. మూలకి చెయ్యి వెళ్ళినప్పుడు కంప్రెసర్ చేతికి తగిలింది కూడా. పక్కనున్న సందులో కూడా ఇంత గడ్డి దోపాను. ఏళ్ళ తరబడి ఆ పెట్టెలో సందు వదలకుండా గడ్డి దోపిన చెయ్యి అది. ఎలక్ట్రీషియన్ మాట గుర్తే రాలేదు.

ఆదివారం పొద్దున్నే తాతయ్య స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బస్సు మీ నాన్న నడిపాడు. నువ్వు పరీక్షలని రాలేదు. తోటలో బస్సు ఎప్పుడూ నిలిపే చోటే నిలిపాడు. తాతయ్యా వాడూ చివరి వరసకి బయల్దేరారు. పావుగంట నడక. "నాన్నగారికి ఎప్పుడు కొడతావో నేను చెప్పను. ఆయన మామూలుగా చెట్లు చూసుకుంటూ ఉంటారు" అన్నాడు మీ నాన్న. న్యాయంగానే ఉందనిపించింది.

అటు చివర గట్టు ఎక్కి ఫోను చేశాడు. "ఊఁ, మూడు కొట్టమ్మా."

నొక్కాను. టక్కుమంది. గుర్రుమంది. తర్వాత ముసలి మేక దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చి ఆగింది. మళ్ళీ నొక్కాను, ఈసారి వేలు తియ్యకుండా పట్టుకున్నాను. మోటారు మూలిగింది కానీ మోత రాలేదు. ఏదో కమిలిన వాసన కూడా వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టానా అని అటు చూశాను. పొయ్యే వెలిగించలేదు.

"కొట్టావా?" అన్నాడు ఫోనులో.

"కొడుతున్నానురా."

"నాకే వినపడలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేశాను. "ఏమయ్యా, నీకేం పాపం చేశాం? ఇలాంటి నాసిరకం సామాను అంటగడతావా? నిన్ను నమ్ముకుంటే మా ఆయన ఇంటికి పోయి మళ్ళీ కుర్చీలో కూర్చోవాలి. నీకూ ఇంట్లో పెద్దాళ్ళు ఉన్నారు కదా!" ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాయకు. పాపం అతను ఒక్క మాట ఎదురు చెప్పకుండా, ఆదివారం పూట స్కూటరేసుకుని నూజివీడు నుంచి వచ్చాడు. అతనొచ్చే సరికి మీ నాన్న కూడా బస్సు దగ్గరికి వచ్చేశాడు. తాతయ్య కూడా వచ్చి ఒక చెట్టు కింద కాస్త దూరంగా కూర్చున్నారు, ఇటు చూడకుండా.

అతను లోపలికి వచ్చి పెట్టె మూత తీశాడు. గోనె పట్టా తీశాడు. గడ్డి. గడ్డి తీస్తే రసాలు. వాటి కింద మళ్ళీ గడ్డి. అన్నీ నిదానంగా బయట పెట్టి, నావైపు తిరిగాడు.

"మామ్మగారండీ, ఈ గడ్డి నేను పెట్టలేదండి."

నేను ఆ గడ్డి వంకే చూశాను.

"కాయలు కూడా నేను పెట్టలేదండి."

కంప్రెసర్ గాలి పీల్చే చోట సొన కారి, దానికి గడ్డి పొట్టు అంటుకుని, కట్టు కట్టినట్టు మూసుకుపోయి ఉంది. సన్నటి పొట్టు గొట్టాల్లోకి, బూరల దాకా వెళ్ళింది. మోటారుని ఆనుకుని ఉన్న గడ్డి పరకలు మాత్రం గోధుమ రంగుకి తిరిగి, ఒక చోట నల్లగా మాడి ఉన్నాయి. మీ నాన్న ఆ పరకలు చేతిలోకి తీసుకుని చూశాడు.

"అమ్మా, ఇది అంటుకుని ఉంటే? లోపల గ్యాస్ బండ ఉంది. నాన్నగారి సంగతి తర్వాత, ముందు నువ్వు అయిపోయేదానివి."

వాడు కోప్పడినా బాగుండేది. మెల్లగా అన్నాడు, అదే బాధ. ముందు ఎలక్ట్రీషియన్‌కి చెప్పాలి కదా, చెప్పాను. "తప్పు నాదే నాయనా. నిన్ను అనరాని మాటలన్నాను."

"మా అమ్మ ఇంతకంటే ఎక్కువంటుందండి. పైగా మీరు ఫోనులో అన్నారు, ఆవిడ వీధిలో నిలబడి అంటుంది" అని, పానా తీసి కంప్రెసర్ విప్పడం మొదలుపెట్టాడు.

"వద్దులే, వదిలెయ్యి" అన్నాడు మీ నాన్న. "బండి వెనక్కి తిప్పేద్దాం. ఇది మనకి కుదిరే పని కాదు."

"గంట టైమివ్వండి బాబుగారూ. పాడయింది ఏమీ లేదు, ముక్కు మూసుకుంది, అంతే."

మీ నాన్న గడియారం చూసుకున్నాడు. "అన్నాల వేళ దాకా. ఆ తర్వాత బయల్దేరిపోతాం."

ఇద్దరం కూర్చున్నాం పనికి. అతను కంప్రెసర్ తుడిచి, ఈసారి బస్సు వెనక మెట్టు పక్కన, చక్రం బురద తగలని చోట, బయట బిగించాడు. గాలి పీల్చే చోటుకి నా పాత జాకెట్టు గుడ్డ ఒక పొర కట్టమన్నాడు, దుమ్ము పోకుండా. నేను గొట్టాలు ఒక్కొక్కటీ నోటితో ఊదాను. పొట్టు ఎగిరొచ్చి నా కళ్ళలోనే పడింది. తర్వాత బూరల వెనక మూతలు విప్పి ఇచ్చాడు. పెట్రోలులో గుడ్డ ముంచి రేకులు తుడిచాను. మామిడి సొన వదలదు తొందరగా, చేతులు కూడా మండుతాయి. మళ్ళీ బిగించి, స్విచ్చి నొక్కాడు.

బాబోయ్! చెవులు చిల్లులు పడ్డాయి. చెట్ల మీదున్న పిట్టలన్నీ లేచాయి. పక్క తోటలో కాపలా ఉండే అతను ఎవరికి ఏమయిందోనని కంచె దాకా పరిగెత్తుకుంటూ వచ్చాడు. "చూశారా మామ్మగారండీ!" అని ఎలక్ట్రీషియన్ చేతులు దులుపుకున్నాడు.

మీ నాన్న తాతయ్యని తీసుకుని మళ్ళీ చివరి వరసకి వెళ్ళాడు. ఫోను చేశాడు. మూడు కొట్టాను. కొట్టి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"నాకు బాగా వినపడిందమ్మా. నాన్నగారు అసలు తల తిప్పలేదు. కొమ్మకి కాయలు లెక్కపెట్టుకుంటున్నారు."

"మళ్ళీ కొడతానుండు."

మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే మాట చెప్పాడు.

"ఇంతకంటే మోత రాదండి" అన్నాడు ఎలక్ట్రీషియన్. అతని మొహం కూడా వాడిపోయింది. "చెవుల్లో లేనిది నేనేం చేయగలనండి?"

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. కూర్చుంటే ఎందుకో మా వంటిల్లు గుర్తొచ్చింది. పప్పు కుక్కరు పక్కనే కూత పెట్టినా మీ తాతయ్యకి వినపడదు. గ్రైండరు వేస్తే మాత్రం వీధి వరండాలోంచి, "దోసెలా?" అని అడుగుతారు. నువ్వు పిలిస్తే పలకరు, నీ గొంతు సన్నం కదా. మీ నాన్న బొంగురు గొంతుకి పలుకుతారు. ఉరుము వినపడుతుంది, ట్రాక్టరు వినపడుతుంది. గోనె సంచి నేల మీద పడేస్తే కూడా తిరిగి చూస్తారు. ఇన్నేళ్ళు కాపురం చేశాను కానీ, ఎప్పుడూ దాన్ని ఒక లెక్కలో పెట్టి చూసుకోలేదు.

"ఏమయ్యా, ఇప్పుడు మోగుతోంది ఏ బూర?"

"రెండూనండి."

"నాకు కుక్కరు కూతలాగే ఉంది. పాతది ఇలా ఉండేది కాదు. దీని అడుగున ఒక బండ మోత ఉండేది. ఆ పొట్టిదాని గొట్టం పీకి, పొడుగుది ఒక్కటే మోగించు చూద్దాం."

పీకి మోగించాడు. పొడుగు బూర భుస్సుమంది. గాలి తప్ప గొంతు లేదు. "అరె" అన్నాడు. విప్పి తుడిచి బిగించినప్పుడు దాని స్క్రూ కుదరలేదు. పొట్టిదాని అరుపులో ఆ సంగతి మా ఇద్దరికీ తెలియలేదు.

అప్పుడు అతను టాపు మీద, నేను స్విచ్చి దగ్గర. అతను స్క్రూ పావు చుట్టు తిప్పి "ఊఁ" అనడం, నేను నొక్కడం. భుస్. ఇంకో పావు. భుస్. ఇంకో పావు తిప్పితే బొయ్యిమని ఏదో వచ్చింది. "ఎక్కువయిందండి, వెనక్కి తిప్పుతున్నా." ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. పన్నెండు దాటుతోంది. అవతల మీ నాన్న ఫోను మీద ఫోను. "అమ్మా, బయల్దేరదామా?" "ఒక్క పది నిమిషాలు ఉండరా!" అంటున్నాను. చివరికి ఒకసారి నొక్కితే, భోంమ్మని, నా కాళ్ళ కింద చెక్క అదిరింది. గట్టు మీద గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. పెద్ద మోత కాదు అది. పక్క తోట అతను ఈసారి రాలేదు కూడా. కానీ బరువుగా ఉంది.

"అదీ! అక్కడే వదిలెయ్, ముట్టుకోకు" అన్నాను.

మీ నాన్నకి ఫోను చేసి, "ఇదే ఆఖరు, ఇంక అడగను" అని చెప్పాను. పొట్టిదాన్ని మళ్ళీ తగిలించలేదు. మూడు కొట్టాను. ఫోనులో ముందు గాలి చప్పుడే వినపడింది. తర్వాత మీ నాన్న గొంతు, నాతో కాదు, దూరంగా ఎవరితోనో అన్నట్టు వినపడింది: "నాన్నగారూ, మెల్లగా! నాన్నగారూ, ఆగండి, పడతారు!"

ఏమయిందోనని భయపడి, బస్సు దిగి నిలబడ్డాను. చెట్ల మధ్య నుంచి ముందు మీ తాతయ్య, చేతికర్ర పొడుచుకుంటూ, ఎంత వేగంగా నడవగలరో అంత వేగంగా వస్తున్నారు. వెనకాల మీ నాన్న దాదాపు పరిగెడుతున్నాడు. దగ్గరికి వచ్చి, నన్ను పైనుంచి కింద దాకా చూశారు.

"ఏమైంది?" అన్నారు, ఆయాసపడుతూ.

"ఏం కాలేదండీ. వినపడుతుందో లేదో చూశాం."

"మరి మూడెందుకు కొట్టావు? ఒకటి కొడితే చాలదా? ప్రాణం పోయిందనుకున్నాను" అని కేకలేసి, వెళ్ళి నీళ్ళ డ్రమ్ము దగ్గర మొహం కడుక్కున్నారు. ఎలక్ట్రీషియన్ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "తాతగారూ, మీ బూరే గెలిచిందండి!" అని అరిచాడు. ఆయనకి అది వినపడలేదు. "ఏంటంటాడు?" అని నన్ను అడిగారు.

మీ నాన్న బస్సు మెట్టెక్కి, కొత్త చోట బిగించిన కంప్రెసర్‌ని, ఖాళీ పెట్టెని, గ్యాస్ బండని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచాడు.

"పొద్దున ఎనిమిదికి టిఫిను, పన్నెండున్నరకి అన్నం, రాత్రి ఏడున్నరకి. మూడు పూటలా హారన్ కొట్టాలి. ఆయన రావాలి. ఒక్క పూట రాకపోయినా నాకు ఫోను చెయ్యాలి. చేస్తావా, లేక ఆయన్ని వెనకేసుకొచ్చి దాస్తావా?"

"చేస్తాను" అన్నాను.

"ఆ గడ్డి సంగతి?"

"ఇంక రసాలు మంచం కింద మాగేసుకుంటాను. పెట్టె నీకే ఇచ్చేశాను, వచ్చినప్పుడు నీ బట్టలు పెట్టుకో."

నవ్వు ఆపుకుంటున్నాడని తెలిసింది కానీ, ఆపుకున్నాడు. ఎలక్ట్రీషియన్‌కి ఇద్దామని రసాలు చూస్తే అందులో మూడే పండాయి. దేవుడికి పెట్టకుండా ఇవ్వకూడదని తాతయ్య పట్టుబట్టారు. అక్కడే పటం ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని, అతని చేతికిచ్చాం. అతను నిలబడే రెండు తిని, మూడోది జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు నుంచే తోటలో ఉండిపోయాం. కోత ఇంకా నాలుగు రోజులకి కానీ మొదలవదు, ఇంటికెళ్ళి రావచ్చు, కానీ మీ తాతయ్య బస్సు ఎక్కి మంచం బల్ల మీద కూర్చున్నవారు దిగమంటే దిగలేదు. మీ నాన్న ఎలక్ట్రీషియన్ స్కూటరెక్కి నూజివీడు వెళ్ళి, సాయంత్రానికి కారులో తిరిగొచ్చాడు. తాతయ్య మందుల డబ్బా, షుగరు చూసే మిషను, రెండు దుప్పట్లు, బియ్యం, పప్పులు, దోమల బత్తీలు, టార్చిలైటు, ఆయన లుంగీలు, తువ్వాళ్ళు అన్నీ ఒక పద్ధతిగా సర్ది తెచ్చాడు. కొడుకంటే అలా ఉండాలి. నా చీర మాత్రం ఒక్కటి కూడా తేలేదు. కోత మొదలయ్యేదాకా ఆ పెట్రోలు వాసన చీరతోనే ఉన్నాను.